పసుపు లేని కవరు

దిగువమెట్ట స్టేషను,
12 ఆగస్టు 1937.

పూజ్యుడైన అన్నయ్య కొండయ్యకు చెల్లెలు కృష్ణమ్మ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, మీ బావా, కడుపులో కాళ్ళు విదిలిస్తున్న ఆసామీ క్షేమం. తర్లుపాడులో అందరి క్షేమం నీ ఉత్తరం వల్ల తెలిసింది.

ఊళ్ళో మశూచి ఉంది, తొలికానుపుకు పుట్టింటికి రావద్దని రాశావు. అట్లాగే. బాధగానే ఉంది, నీ దగ్గర దాపరికమెందుకు? మబ్బు పట్టి వారమైంది. వానా లేదు, ఎండా లేదు. రైలుబండి వెళ్ళిపోతే ఈ అడవిలో పలకరించే దిక్కుండదు.

పొద్దుపోక మీ బావ దగ్గర ఇంగ్లీషు వాచకం చదువుతున్నాను. మేకల ఓబులయ్య మామ చూసి, ఏందమ్మీ, దొరసానివి అయిపోతావా ఏంది అని ఎగతాళి చేశాడు.

నిన్న ‘అలోన్’, ‘లోన్లీ’ మాటలకు తేడా ఏమిటని మీ బావను అడిగాను. మనకు రెండూ ఒంటరే కదా! పక్కన మనిషి లేకపోతే అలోన్ అట. చుట్టూ ఎందరున్నా మనసుకు తోడు లేకపోతే లోన్లీ అట. ఓబులయ్య మామ అడవిలో అలోన్, కానీ లోన్లీ కాదు. రోజంతా మేకలతో తగువులాడుతూనే ఉంటాడు. ఇంకొకటి, లోన్లీని పేరుకు ముందు పెట్టవచ్చట, ‘లోన్లీ స్టేషన్’ అన్నట్టు. ‘అలోన్ స్టేషన్’ అంటే తప్పట. అలోన్ ఎప్పుడూ పేరు వెనకే రావాలట. ఈ మాటలు ఎక్కడ చూశావని మీ బావ అడిగారు. వాచకంలో అన్నాను.

అమ్మకూ నాయనకూ నా నమస్కారాలు.

ఇట్లు,
నీ చెల్లెలు,
కృష్ణమ్మ.

తా.క. పైదంతా మీ బావ చదివారు. ఆయన జెండా పట్టుకొని బండి దగ్గరికి వెళ్ళాక ఇది రాస్తున్నాను. అలోన్ అన్న మాట వాచకంలోది కాదు, అన్నయ్యా. నీ ఉత్తరం చివర ఆయన కోసం ఇంగ్లీషులో రాసిన వరుసలోది. అందులో నేను కూడబలుక్కొని చదవగలిగినవి రెండే, ఫాదర్, అలోన్. అమ్మ ఉండగా నాయన అలోన్ ఎట్లా అవుతాడు? మశూచి ఉంటే నేను రాకపోవచ్చు, అమ్మ ఇక్కడికి రాకుండా ఆగేదా? కవరు మూలలకు ఎప్పుడూ అమ్మ రాసే పసుపు కూడా ఈసారి లేదు. అందుకే మీ బావను ఆ మాట అర్థం అడిగాను.

కానుపు అయ్యేదాకా నాకు తెలియకూడదని మీ బావ ఏడుపు మింగుకొని తిరుగుతున్నారు. నాకు తెలిసిందని ఆయనకు రాయవద్దు. నాయన లోన్లీ అయితే మనం తీర్చేది కాదు. అలోన్ మాత్రం కానివ్వకు. అన్నానికి కూర్చున్నప్పుడు ఆయన పక్కన నువ్వు కూర్చో.