ఆషాఢం దాటాక

జూన్ 22

మా అన్నయ్య గోపయ్య కూతురు ఆశకి పెళ్లయి నాలుగు నెలలు. ఇవాళ ఆవకాయ ఇద్దామని ఉప్పల్‌లో వాళ్లింటికి వెళ్తే బయట తాళం, లోపల ఆశ. ఆమె భర్త జగన్ డ్యూటీకి పోతూ రోజూ తాళం వేస్తాడట. దొంగల భయమట. వీడియో కాల్ చేసినప్పుడల్లా గదులన్నీ తిప్పి చూపించాలట. టీచర్ ఉద్యోగం ఎప్పుడో మాన్పించాడు.

ఆవకాయ డబ్బా కిటికీ గ్రిల్‌లో పట్టలేదు. వెనక్కి తెచ్చుకున్నాను. దారంతా ఒళ్లు మండిపోయింది.

జూన్ 23

అన్నయ్యకి చెప్పాను. తాళం సంగతి నమ్మలేదు, కొట్టలేదు కదా అన్నాడు. కొడితే తప్ప కష్టం కాదని రూల్ పెట్టినవాళ్లని ఆ తాళం వెనక ఒక్క పూట కూర్చోబెట్టాలి. ఐలమ్మ వదిన కళ్లు తుడుచుకుని, సర్దుకుపోవాలంది. సర్దుకోవడానికి ఆ ఇంట్లో పిల్లకి చోటేది?

జూన్ 24

లంచ్ టైంలో మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. వదిలి వెళ్తున్నట్టు అతనికి ముందే తెలియకూడదు. బయటపడే సమయంలోనే ఎక్కువ ప్రమాదం. ఆధార్, సర్టిఫికెట్లు దగ్గర ఉంచుకోవాలి. ఫోన్ లొకేషన్‌తో జాగ్రత్త.

కానీ ఆ తాళం తీసేదెలా? ఎల్లుండి ఆషాఢం. మల్కాజిగిరిలో ఉండే జగన్ తల్లికి ఫోన్ చేసి, కొత్త కోడలిని ఇంకా పుట్టింటికి పంపలేదేమని తియ్యగా అడిగాను. కొడుక్కి కీడని హడలిపోయింది. ఇలాంటివి నేను నమ్మను. ఈసారికి దండం పెట్టాను.

జూన్ 26

వచ్చేసింది! జగనే బైక్ మీద తెచ్చి నాచారంలో అన్నయ్య ఇంట్లో దింపాడు. తల్లి మాట కాదనలేకపోయాడు. లైవ్ లొకేషన్ ఆపొద్దని ఆర్డర్ వేసి పోయాడు. సర్టిఫికెట్లు చీర మడతల్లో పెట్టుకొచ్చింది, నా బంగారం.

జూలై 9

తిరిగి పోనని ఇవాళ తనంతట తానే చెప్పింది. నేనేమీ నూరిపోయలేదు.

జూలై 19

ఇద్దరం మహిళా పోలీస్ స్టేషన్‌కి వెళ్లి కంప్లయింట్ ఇచ్చాం. ఆశని మా ఇంటికి తెచ్చుకున్నాను. తన ఫోన్ మాత్రం, లొకేషన్ మారకుండా, అన్నయ్య ఇంట్లోనే చార్జింగ్‌లో ఉంది. ఎవరికీ చెప్పొద్దని అన్నయ్యకి, వదినకి వందసార్లు చెప్పాను.

జూలై 23

అన్నయ్యని ఏమనాలి? అల్లుడికి ఫోన్ చేసి, శ్రావణంలో మంచి రోజు చూసి సారె పెట్టి పంపిస్తానన్నాడు. అమ్మాయి ఏదంటే మా చెల్లె ఇంట్లో ఉందన్నాడు. అల్లుడితో అబద్ధమాడకూడదట. కూతురు చెప్పే నిజం మాత్రం నమ్మనక్కర్లేదు!

సాయంత్రం జగన్ గేటు దగ్గర ప్రత్యక్షం. పక్కన అన్నయ్య, దారి చూపించడానికి. గేటుకి గొళ్లెం పెట్టి 100కి ఫోన్ కొట్టాను.

జగన్ మర్యాదగానే మాట్లాడాడు. అదే మరీ మండింది. "తాళం ఏసేది దాని మంచికే మామా" అన్నాడు. అన్నయ్య అతని మొహం వంక చూశాడు. నేను చెప్తే నమ్మని తాళం, అల్లుడి నోట విన్నాక నమ్మాడు.

ఆశ వచ్చి నా పక్కన నిలబడింది. "నేను పోను బాపూ. పంపినవంటే మల్ల నీకు కనపడ."

అన్నయ్య గేటుకి అడ్డంగా మెట్టు మీద కూర్చున్నాడు. జగన్ పక్కకి జరగమని అరిచాడు, భుజం పట్టి లాగాడు. పోలీసులు వచ్చి అతన్ని తీసుకెళ్లేదాకా అన్నయ్య లేవలేదు.

జూలై 24

అన్నయ్య వచ్చాడు. నేను పలకరించలేదు. ఆశే చాయ్ పెట్టిచ్చింది.

ఆగస్టు 17

ఆశ పొద్దున ఒక్కతే బయటికి వెళ్లింది. ఎక్కడికని నోటిదాకా వచ్చింది. మింగేశాను. మధ్యాహ్నానికి వచ్చింది. ఎక్కడికెళ్లిందో చెప్పలేదు.