రాయిగా మిగిలిన మారప్ప

అన్నా,

నువ్వు గీసిన కామిక్కులో మారప్పకు భాషతోపాటే ఒళ్లూ మారేది. తమిళం మాట్లాడితే పులి, కన్నడమైతే గద్ద, తెలుగైతే మనిషి. నోరు మూసుకుంటే రాయి. చివరి పేజీలో వాణ్ని మన ఊరు ఊరిగాంలో మూతపడిన గనిలో రాయిని చేశావు. ఆ వారమే జ్వరంతో పోయావు.

నాకు పూణేలో ఉద్యోగం వచ్చింది. అమ్మ పోనివ్వడం లేదు.

"నువ్వూ పోతే ఇంగ మారప్పను ఎవురు బయటికి తెస్తారు?"

అందుకే ఇవాళ నేనే గీశాను. మారప్ప ఊరిగాంలో మన గుమ్మం ముందు నిలబడి, "అమ్మా, అన్నం పెట్టు" అంటున్నాడు.

అమ్మ ఆ కాగితం అందుకుని చూసింది.

"బాగుండాది పాపా. కానీ ఇది నీ చెయ్యి. మీ అన్న గీసినోడు ఇంకా లోపలే ఉండాడు."

నేను సర్దుకున్న బట్టలు సంచిలోంచి తీసి, ఒక్కొక్కటే దండెం మీద వేసింది.