హాజరు పట్టీలో ముప్పై ఒకటవ నంబరు

ఊటబండ గ్రామం,
మహబూబ్‌నగర్ జిల్లా.
తేది: 21-1-1991, సోమవారం.

మండల విద్యాధికారి గారి సముఖమునకు,
ఊటబండ గ్రామవాసి, దర్జీ పని చేసుకొను షేక్ తాజుద్దీన్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి ప్రాథమికోన్నత పాఠశాలపై తల్లిదండ్రుల, విద్యార్థుల అభిప్రాయములు – హాజరు పట్టీలో 31వ నంబరు గల నా కుమార్తె అన్వరీ బేగం పేరు కొట్టివేయుట – ఆడపిల్లల నీళ్ల వంతు ఆపుట – గురించి.

తమరి కార్యాలయం నుండి వచ్చిన అభిప్రాయ పత్రములు రెండు మా ఇంటికి చేరినవి. ఒకటి తండ్రి నింపవలసినది. రెండవది విద్యార్థి నింపినది, దాని మీద తండ్రి సంతకం కావలెను. అందులో ఇచ్చిన జాగా నాకు చాలనందున వేరు కాగితం మీద వ్రాస్తున్నాను. నేనూ అదే బడిలో ఏడు వరకు చదివినవాడను. తప్పులుంటే ఆ బడివే అనుకొని మన్నించవలెను.

1. "మీ పిల్ల క్రమం తప్పక బడికి వెళ్లుచున్నదా?" అనేది తమరి మొదటి ప్రశ్న. రికార్డు ప్రకారం వెళ్లుచున్నది. జూన్ నుండి ఇప్పటి వరకు ఒక్క నాగా లేదు. వానకు ఆగలేదు, జ్వరం రాలేదు, చుట్టాల పెళ్లికి పోలేదు. వచ్చే శనివారం, జనవరి ఇరవై ఆరున, నాగా లేని విద్యార్థికి బహుమతి ఇస్తారట. పట్టీ చూస్తే అది మా అన్వరీకే రావాలి. ఎవరి చేతికి ఇస్తారో మాత్రం తెలియరాలేదు. మనవి చేయునది ఏమనగా, నా బిడ్డ గత ఆగస్టు పదిహేడవ తేదీ శుక్రవారం నాడు చనిపోయింది.

ఆమెకు పన్నెండేండ్లు. మట్టికి ముందు చుట్టే కఫను గుడ్డ నేనే కోశాను. కఫనుకు కుట్టు ఉండదు. ఇరవై రెండేండ్ల దర్జీ పనిలో మిషను ఎక్కకుండా నా చేతి నుండి పోయిన గుడ్డ అదొక్కటే.

2. బడి ముందు చేతితో కొట్టే బోరింగు కలదు. దాని పిడి విరిగి రెండేండ్లయినది. అప్పటి నుండి పిల్లలకు, సార్లకు తాగే నీళ్లు బడి వెనుక పుల్లమ్మ చేనులోని బావి నుండి రావలసి ఉన్నది. అది దిగుడు బావి. చుట్టూ గోడ లేదు. కింది నాలుగు మెట్లకు ఎండాకాలంలో కూడా పాచి ఉంటుంది.

ఆరు, ఏడు తరగతులకు ఒకే గది, ఒకే హాజరు పట్టీ. మొత్తం నలభై మంది. మొదటి ఇరవై రెండు నంబర్లు మగపిల్లలవి, వాళ్లు గది ఊడుస్తారు. తరువాతి పద్దెనిమిది ఆడపిల్లలవి, వాళ్లు నీళ్లు తెస్తారు. ఇరవై మూడుతో ఇరవై నాలుగు, ఇరవై అయిదుతో ఇరవై ఆరు, ఇట్లా జంటలు. హాజరు తీసిన వెంటనే ఆ రోజు ఏ రెండు నంబర్ల వంతో సారు పట్టీ చూసి చెప్తారు. నా బిడ్డది ముప్పై ఒకటి. ఆమె జంట ముప్పై రెండు, కూలికి పోయే నర్సింగమ్మ బిడ్డ సాలమ్మ. గదిలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవారు.

ఆ శుక్రవారం ఆ ఇద్దరి వంతు. అన్వరీ "హాజర్ సార్" అని చెప్పి, బిందె తీసుకొని పోయింది. సాలమ్మ పై మెట్టు మీద ఉన్నది. నా బిడ్డ కింది మెట్టు మీద జారింది. సాలమ్మ అరుచుకుంటూ ఊర్లోకి పరిగెత్తినందున మాకు తెలిసింది. మనుషులు దిగి తీసేసరికి ఆలస్యమైంది. పోలీసుల దాకా పోవద్దని పెద్దమనుషులు అన్నారు. పొద్దు గూకక ముందే మట్టి చేశాము. ఆనాటి పట్టీలో ఆమెకు హాజరు పడి ఉన్నది. అది తప్పు కాదు, ఆమె బడికి వచ్చింది. బడి నుండి ఇంటికి రాలేదు. ఆ సంగతి వ్రాసే గడి పట్టీలో లేదు.

3. బడి మళ్లీ మంగళవారం తెరిచారు. మా ఇంటికి, బడికి నడుమ ఒక సన్న బాట, ఒక ముళ్ల కంచె. నా మిషను అరుగు మీద ఉంటుంది. లోపల పేర్లు పిలుస్తుంటే అన్నీ వినిపిస్తాయి. ప్రధానోపాధ్యాయులు కాటమయ్య సారు ముప్పై పిలిచారు. అలవాటు కొద్దీ ముప్పై ఒకటి కూడా పిలిచారు. గదిలో చప్పుడు ఆగిపోయింది. తరువాత "హాజర్ సార్" అని వినవచ్చింది.

నా కాలు మిషను మీదనే నిలిచిపోయింది. లోపల జొన్నరొట్టె చేస్తున్న నా భార్య ఖాతూన్ పిండి చేతులతో గడప దాకా వచ్చింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. పలికింది సాలమ్మ అని తరువాత తెలిసింది. అన్వరీకి దగ్గు వస్తే సాలమ్మ పలికేది, సాలమ్మ ఆలస్యమైతే అన్వరీ పలికేది, వాళ్లకు మొదటి నుండి అదే అలవాటు. ఆయన అలవాటు కొద్దీ పిలిచారు, ఆ పిల్ల అలవాటు కొద్దీ పలికింది, సారు పెన్ను ఆగలేదు. మర్నాడూ అట్లే జరిగింది.

4. ఆ వారంలోనే కాటమయ్య సారు మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. "తాజూ భాయ్, తప్పయింది. గని జర ఇను. నలభై మందికి ఒక్కలు తక్కువైనా పై రెండు తరగతులు ఎత్తేస్తరట. అప్పుడు మండలానికి ఆరు మైళ్లు పోవాలె. మొగపోరగాండ్లు పోతరు. ఆడపిల్లలను ఎవలు పంపుతరు చెప్పు? అందరి సదువు బంద్ అయితది. ఎండకాలం సెలవుల దాక ఆ పేరు ఉండనీ" అన్నారు.

నేను సరే అన్నాను. ఈ మాట తమరికి దాచడం లేదు. పిల్లల చదువు కోసం ఒప్పుకున్నానని చెప్పుకోవచ్చును. అది సగమే నిజం. రోజూ పది గంటలకు ఒక మనిషి నా బిడ్డను పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆ పిలుపు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఖాతూన్ ఆ వేళకు పెనం దించి వచ్చి గడపలో కూర్చునేది. ఆ పేరు పిలవడం అయినాకనే మా ఇంట్లో పని మొదలయ్యేది.

అక్టోబరులో బావికి గోడ, బోరింగుకు పిడి కావాలని మండల కార్యాలయంలో అర్జీ పెట్టుకున్నాను. నా బిడ్డ పడి చనిపోయిందని అందులో వ్రాశాను. నవంబరులో పిలిచారు. గుమాస్తా గారు పట్టీ నకలు తిప్పి చూసి, "ఏందయ్యా, నీ బిడ్డ మొన్న గూడ బడికొచ్చింది గద!" అన్నారు. కాదంటే సారు నౌకరీ పోతుంది, తరగతులు పోతాయి. "వచ్చింది సార్" అన్నాను. నా అర్జీ మీద "ప్రమాదము జరిగినట్లు ఆధారము లేదు" అని వ్రాసి మూసివేశారు. ఆ రోజు బస్సులో నలుగురి మధ్య కూర్చోబుద్ధి కాలేదు. ఆరు మైళ్లు నడిచి ఇంటికి వచ్చాను.

5. ఆగస్టు పదిహేనుకు ఇవ్వవలసిన ఉచిత దుస్తుల గుడ్డ డిసెంబరులో వచ్చింది. కుట్టు పని నాకే ఇచ్చారు. నలభై పేర్ల జాబితా. కొలతలన్నీ నా పుస్తకంలో ఉన్నవి గానీ, జూన్‌లో తీసినవి డిసెంబరుకు పనికిరావు. ఆ వయసు పిల్లలు ఆరు నెలల్లో పెరుగుతారు. ముప్పై తొమ్మిది మందికి మళ్లీ టేపు పెట్టాను. ముప్పై ఒకటి దగ్గర ఆగాను.

పాత కొలతకు కుడదామంటే మనసు ఒప్పలేదు. కొంచెం పెంచుదామంటే ఎంత పెంచాలో తెలియలేదు. జూన్‌లో సాలమ్మది, అన్వరీది ఒకే పొడవు. సాలమ్మ కొత్త కొలత తీసి చూశాను. రెండంగుళాలు పెరిగింది. అన్వరీ లంగాకు కూడా రెండంగుళాలు పెంచాను. గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి మిగిలినవాటితో పాటు బడికి ఇచ్చాను. ఆ నీలి లంగా, తెల్ల చొక్కా సారు గదిలో మేకుకు వేలాడుతున్నవి. కిటికీ తెరిచి ఉంటే అవి గాలికి కదలడం మా అరుగు మీదికి కనిపిస్తుంది. చూడగూడదని మిషను ఇటు తిప్పి పెట్టుకున్నాను. అయినా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను.

6. మొన్న పద్దెనిమిదవ తేదీ సాయంత్రం సాలమ్మ వచ్చి ఒక కాగితం చాపింది. "చాచా, దీని మీద సంతకం పెట్టుమన్నడు సారు. నలభై కాయిదాలు పోవాల్నట" అన్నది. అది తమరి విద్యార్థి అభిప్రాయ పత్రము. పేరు దగ్గర అన్వరీ బేగం అని ఉన్నది. ప్రశ్నలు తమరివి. జవాబులు ఈ క్రింది విధముగా ఉన్నవి.

బడి ఎట్లున్నది? – మంచిగున్నది.
పాఠములు అర్థమగుచున్నవా? – సార్ చెప్పేది దూరంగ ఇనవడుతది.
తాగునీటి వసతి కలదా? – నీళ్లు మస్తుగున్నయి.
ఇంకేమి కావలెను? – సాలమ్మ ఒక్కతే వస్తాంది. తోడుకు ఎవలనన్న పంపుండ్రి.

రెండు సార్లు చదివాను. "ఇది ఎవలు రాసిండ్రు బిడ్డా?" అని అడిగాను.

"నేనే రాసిన చాచా. అది ఉంటే ఏం చెప్పేదో గదే రాసిన."

"ఒక్కతే వస్తాంది అంటే ఏంది?"

సాలమ్మ తల వంచుకుంది. "వంతు నాడు సారు ముప్పై ఒకటి, ముప్పై రెండు అంటడు గద. ముప్పై రెండు నేను. ముప్పై ఒకటికి హాజర్ చెప్పింది గూడ నేనే. ఇగ ఇంకెవలు లేస్తరు? నేనే పోయొస్తున్న."

"మరి సారుకు చెప్పొద్దా?"

"చెప్తె పేరు తీసేస్తడు. ఖాతూన్ చాచీ గడపల కూసుంటది గద. నేను కూసున్న కాడికెల్లి నాకు కనవడుతది."

ఆగస్టు నుండి ఇప్పటికి పదకొండు సార్లు ఆ పిల్ల ఒక్కతే బిందె పట్టుకొని ఆ మెట్లు దిగింది. పట్టీ ప్రకారం ప్రతిసారీ ఇద్దరు పోయినట్టే ఉన్నది. సారు పట్టీనే చూశారు. నర్సింగమ్మకు ఈ సంగతి తెలియదు. ఆనాడు ఇద్దరు పోయారు కాబట్టి ఒకరైనా అరిచారు. రేపు సాలమ్మ జారితే అరిచేవాళ్లు లేరు. నా బిడ్డ పేరు రోజూ వినాలన్న మా ఆశ ఇంకొకరి బిడ్డను ఒంటరిగా ఆ బావిలోకి దింపుతున్నది. నాకు సిగ్గుగా ఉన్నది. అంతకన్నా ఎక్కువ భయంగా ఉన్నది.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా, ముప్పై ఒకటవ నంబరు పేరు కొట్టివేయించండి. ఆమె చనిపోయిందని తమరు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. నవంబరులో నేను అన్న మాట అబద్ధమని కూడా వ్రాసి ఇస్తాను. కాటమయ్య సారు మీద చర్య వద్దు, ఆ తప్పులో నాకు సగం భాగం ఉన్నది. ముప్పై తొమ్మిది మందితో ఆ రెండు తరగతులు నడవనివ్వండి. బడి మీద తండ్రిగా నా అభిప్రాయం అడిగారు. బడి మంచిదే. ఈ నాలుగు అక్షరాలు నాకు ఇచ్చింది అదే. దాన్ని మూయవద్దు, దానికి నీళ్లు ఇవ్వండి. ఆడపిల్లల నీళ్ల వంతు ఆపించి, బోరింగుకు పిడి పెట్టించి, బావికి పిల్లల నడుము ఎత్తున గోడ కట్టించండి. నడుము ఎత్తు ఎంతో తెలియాలంటే నా పుస్తకంలో ముప్పై తొమ్మిది మంది కొలతలు ఉన్నవి, నకలు తీసి పంపగలను.

ఒక్క అంగుళం పెంచకుండా, ఒక్క అంగుళం తగ్గించకుండా వ్రాసుకొన్న నా ఈ మొరను దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
షేక్ తాజుద్దీన్,
దర్జీ, 31వ నంబరు తండ్రి.

మరల మనవి: పైదంతా పొద్దున్నే వ్రాసి ఖాతూన్‌కు చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. మా ఇంటి మాట ఉర్దూ, తమరి కోసం తెలుగులో వ్రాస్తున్నాను. ఆమె అంతా విన్నది. తరువాత, "తీసేయమను. తీసేసే దినం ముందుగాల చెప్పుమను, ఆఖరుసారి ఆ పిలుపు ఇంట" అన్నది. మళ్లీ, "ఇయ్యాల ఎవల వంతు?" అని అడిగింది. సాలమ్మ చెప్పిన లెక్కన ఇయ్యాల ముప్పై ఒకటి, ముప్పై రెండు.

పది గంటలకు సారు పేర్లు పిలవడం మొదలుపెట్టారు. ఇంట్లో రొట్టె వాసన రాలేదు. తిరిగి చూస్తే గడపలో ఖాతూన్ లేదు. ముప్పై దాటింది. సారు "అన్వరీ బేగం" అని పిలిచారు. సాలమ్మ కన్నా ముందే "హాజర్ సార్" అని బడి వాకిట్లో నుండి పెద్ద గొంతు వినవచ్చింది. అది నా భార్య గొంతు. ఆగస్టు నుండి ఆమె ఆ బావి దిక్కు ముఖం తిప్పి ఎరుగదు. మా ఇంటి బిందె చంకన పెట్టుకొని, సాలమ్మ చెయ్యి పట్టుకొని బావి బాట పట్టింది. సారు పట్టీ చేతిలో పెట్టుకొని వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు.

ఇద్దరూ నీళ్లతో తిరిగి వచ్చేదాక నేను ఈ కాగితం మడవలేదు. వచ్చారు. ఖాతూన్ చీర మోకాళ్ల దాకా తడిసి ఉన్నది, కింది మెట్టు మీద తానే నిలబడి పిల్లను పైన ఉంచిందట. తమరి జవాబు వచ్చేదాక ముప్పై ఒకటవ నంబరు వంతుకు ఆమే పోతుంది. ఇయ్యాల్టి హాజరు దొంగ హాజరు కాదని గమనించగలరు.