దండకి పనికొచ్చే ఫొటో

సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున అద్దంకి నుంచి ఓ జంట పెళ్లి ఫొటోలు మాట్లాడుకోవడానికి మన స్టూడియోకి వచ్చింది. మిర్చి కల్లంలో డ్రోన్ షాట్ కావాలట. "ఇంకేం తీయించుకోమంటారు అంకుల్?" అని అడిగింది ఆ పిల్ల.

"చెరో సింగిల్ ఫొటో తీయించుకోండి. రేపు దండ వేయడానికి పనికొస్తుంది" అన్నాను.

"ఏం మాటలండీ ఇవి?" అంటూ లేచాడు అబ్బాయి.

గోడ మీద నీ ఫొటో చూపించాను. "మీరు లేకుండా నాకెందుకండీ ఫొటో" అని జీవితమంతా మొండికేశావు. చివరికి మన పెళ్లి ఫొటోలో నన్ను నేనే కత్తిరించుకుని నీకు ఫ్రేము కట్టాను. నీ భుజం మీద నా నాలుగు వేళ్లు అలాగే ఉండిపోయాయి.

వాళ్లు ఎదురు స్టూడియోకి పోయారు. పోనీ. ఇద్దరిలో మిగిలినవాళ్లు ఎలాగూ ఒకరోజు పెళ్లి ఫొటో పట్టుకుని వస్తారు, అందులోంచి తమని కత్తిరించి పారెయ్యమని.