గీత జరిగిన ఏడాది

డుంబ్రిగుడ,
4 ఫిబ్రవరి 1998

భాస్కర్ బావకు నీలవేణి ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ నేనూ అమ్మా కులాసా. ఏడో నెల వచ్చాక కడుపులో బిడ్డ తన్నులు జోరందుకున్నాయి. ఓడలో నువ్వూ క్షేమమేనని నమ్ముతున్నాను.

కాకినాడ రేవులో వేసిన ఉత్తరం అందింది. అమ్మ ఏం చేస్తోందని అడిగావు. కాఫీ పండ్లు కోయడం అయిపోయింది, ఎండబెడుతోంది. సముద్రంలో నీ పనేమిటని మళ్లీ అడిగింది. చలికాలం తీరం పక్క నీళ్లు చల్లగా, లోపలి నీళ్లు వెచ్చగా ఉంటాయనీ, రెండూ కలిసే గీత దగ్గర చేపలు చేరతాయనీ, వేసవికి నీళ్లన్నీ ఒక్కలా వేడెక్కి ఆ గీత మాసిపోతుందనీ చెప్పాను. "అయితే బేగి ఎతకమను" అంది.

ఆ గీత చూపిస్తూ ఆఫీసులో నేను గీసిన పటం పట్టుకుని నాలుగు రోజులు తిరిగినా గీత దొరకలేదనీ, నీటి వేడి కొలిచే పరికరాన్ని నువ్వే పాడుచేశావని అందరూ అంటున్నారనీ రాశావు. బావా, పరికరం బాగానే ఉంది. తప్పు నాది. సెలవు పెట్టి ఇంటికి వచ్చే తొందరలో, ఈ ఏడాది కొలతలు చూడకుండా పోయినేటి గీతనే దించేశాను. ఆఫీసులో అప్పారావు సార్ పటం మెచ్చుకుంటే నోరు మెదపలేదు.

నీ ఉత్తరం చదివాక వెంట తెచ్చుకున్న పాత కొలతలన్నీ ముందేసుకున్నాను. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో ఏళ్లలో, 83లోనూ 87లోనూ, మన గీత ఒడ్డుకు దూరంగా జరిగింది. ఇప్పుడూ ఎల్‌నినోయే. తెల్లారగానే అమ్మా నేనూ జీపెక్కి అరకు వెళ్లి, సన్యాసిరావు గారి ఎస్టీడీ బూత్ నుంచి సార్‌కి ఫోన్ చేశాం. లైను గరగరలాడుతుంటే కేకలేయాల్సి వచ్చింది.

"ఓడని ఇంకో నలభై మైళ్లు తూర్పుకి పంపండి సార్! భాస్కర్ తప్పేం లేదు. ఆ పటం నేనే చూడకుండా గీసేశాను!"

"ఈసారైనా చూసి చెబుతున్నావా?" అన్నారు సార్.

"చూసే చెబుతున్నాను సార్. అక్కడే ఉంటాది."

బయటికి రాగానే అమ్మ, "ఉద్యోగం పోతాదేటే గుంటా?" అంది.

"పోతే పోనీయే. బావ మీద నింద ఉండకూడదు" అన్నాను.

మూడో రోజు మళ్లీ ఫోన్ చేశాను. నేను చెప్పినచోటికి రెండు మైళ్ల ఇవతలే గీత దొరికిందట. పట్టింది నీ పరికరమేనట! ఇదంతా నీకీపాటికి తెలిసే ఉంటుంది. తెలియనిది ఒకటుంది. కొత్త పటం మీద నా పేరు వేస్తామన్నారు సార్. పాతదాని మీద కూడా వేయమన్నాను. రెండూ చెన్నై రేవుకు నీ పేరనే వస్తాయి. ఓడలో అందరూ చూసేచోట పక్కపక్కనే అతికించు.

ఇట్లు,
నీ ఇల్లాలు
నీలవేణి