ఇద్దరికీ బట్టలు

తమ్ముడు పవన్‌కు, కొచ్చిలో మేం బాగానే ఉన్నాం.

ఫోన్‌లో క్రాంతి పేరెత్తగానే నువ్వు పెట్టేస్తున్నావు. అందుకే ఈ కార్డు రాసి కవర్లో పెట్టి పంపుతున్నాను. కొచ్చి చూడడానికి వస్తున్న మీ ఇద్దరికీ గది వెతకడానికి నేనూ మీ బావా వెళ్లాం. మొదటి లాడ్జిలో ఇద్దరు మగవాళ్లకని చెప్పగానే గుమాస్తా పక్కవాడిని చూసి నవ్వాడు. వచ్చేశాం. రెండో చోట ఒక పెద్దావిడ ఉంది. మా బామ్మర్దీ అతని జోడూ వస్తున్నారు, ఒకే మంచం ఉన్న గది కావాలని మీ బావ వచ్చీరాని హిందీలో గట్టిగా చెప్పాడు. ఏసీ కావాలా అని మాత్రమే ఆమె అడిగింది. అక్కడే ఖాయం చేశాం.

ఇద్దరి ఆధార్ కార్డులూ తెచ్చుకోండి. గొడుగు మరవొద్దు. పక్కపక్కన నడిస్తే ఎవరూ పట్టించుకోరు గానీ, చీకటి పడ్డాక సముద్రం ఒడ్డున తాగినవాళ్లు ఉంటారు, ముందే వచ్చేయండి. క్రాంతి ఆదివారం ప్రార్థనకు పోతానంటే చర్చి మా వీధిలోనే ఉంది.

నాయన కంటి ఆపరేషన్ ఎప్పుడు? కంది పూత నిలిచిందా? అమ్మకు నేనేమీ చెప్పలేదు.

మా ఇంటికి రాకుండానే వెళ్లిపోతామన్నావు. అది కుదరదు, ఆదివారం భోజనం ఇక్కడే. నీకని చొక్కా తెచ్చి ఉంచితే మీ బావ చూశాడు. "ఏంది జాహ్నవీ, ఒక్కనికే తెచ్చినావు? కొత్త జంటను అన్నానికి పిలిచి ఒకరికే బట్టలు పెడతారా? మీ ఊర్లో ఇదేనా పద్ధతి?" అన్నాడు. నాకు తోచనే లేదు.

క్రాంతి చొక్కా సైజు రాయి.

మీ ఇద్దరికీ దీవెనలతో,
అక్క