చిటికెన వేలు ఆనించకుండా

నాన్నకు, నేను క్షేమం. ఫోనులో మీకు వినపడదు గనక కార్డు రాస్తున్నాను.

మా కంపెనీ చేసే వినికిడి పెట్టెకు వాల్యూమ్ నాబ్ ఎంచే పని నాకే అప్పజెప్పారు కదా. చొక్కా బొత్తామంత నాబ్ ఒకటి ఎంచి, నెల రోజులు తిప్పి చూశాను. శబ్దం మెత్తగా పెరిగేది. నిన్న మా వాచ్‌మన్ తాత దాని ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని నాబ్ తిప్పి, "అమ్మో, చెవి పగిలిపోయిందమ్మా!" అని పెట్టెను బల్ల మీద పడేశాడు. ఆ నాబ్‌కు చుట్టుకు ఇరవై మెట్లే. వేలు కాస్త జరగ్గానే శబ్దం మూడు మెట్లు దూకేసింది.

మరి నాకెందుకు దూకలేదు? రేడియోలు బాగుచేస్తూ మీరు నేర్పినట్టు చిటికెన వేలు పెట్టెకు ఆనించి, ఊపిరి బిగబట్టి తిప్పాను గనక. లోపాన్ని నా వేళ్లే దాచేశాయి.

అంతే చిన్నది, చుట్టుకు రెండొందల మెట్లున్నది ఇంకొకటి ఉంది. నా దగ్గర నమూనా ఒక్కటే ఉంది, సరుకు రావడానికి నెల పడుతుంది. "నీకు బాగానే తిరిగిందిగా, ఇప్పుడేంటి కొత్తగా?" అని మేనేజరు గుడ్లురిమాడు. ఇవాళ ఐదింటికల్లా పాతదానికే సంతకం పెట్టాలట. పెట్టను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో! మీకంటే ముందే అమ్మ ఇది చదివేసి ఉంటుంది, కంగారు పడొద్దనండి.

అక్కకు దగ్గు తగ్గిందా? వంటింటి కుళాయి ఇంకా కారుతోందా?

ఆ నమూనా నాబ్ బిగించిన పెట్టె ఒకటి పార్సిల్ చేశాను. ఇయర్‌ఫోను మీ చెవిలో పెట్టుకోండి, అమ్మ తిప్పుతూ మాట్లాడాలి. ఆవిడ మాట మీ చెవికి నొప్పి పుట్టకుండా వినబడిందో లేదో వెంటనే రాయండి. మీరు మాత్రం నాబ్ ముట్టుకోవద్దు. మీ వేళ్లు కూడా నాకు అబద్ధమే చెబుతాయి.

ఈ కార్డు చేరేసరికి ఐదు ఎప్పుడో దాటిపోతుందని తెలుసు, అయినా మీ దీవెన ఇవాళే కావాలి.
మీ చిన్నది